ఆరు బొమ్మలూ ఒక వేపచెట్టూ

ఉద్యోగ అనుభవాలు రాసేవాళ్ళకు మామూలుగా జుట్టు నెరిసి ఉంటుంది. మెడలో దండతో దిగిన వీడ్కోలు ఫొటో ఒకటి ఉంటుంది. నాకు ఆ రెండూ లేవు. నా వయసు ముప్పై రెండు. మహబూబ్‌నగర్ నుంచి కొల్లాపూర్ వైపు పోయే దారిలో ఒక చిన్న మున్సిపాలిటీలో, మొక్కల సెక్షన్‌లో, తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. ఈ ఎండాకాలం చివర ఆ పని వదిలేశాను. ఇంకోచోట ఇంకో పని దొరికింది. నా కుర్చీలోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. వాళ్ళలో ఒకామె ఫోన్ చేసి, "అక్కా, గీ సెక్షన్ల అసలు పనేముంటది?" అని అడిగింది. ఫోన్‌లో నాకు మాట తోచదు, పెట్టేసిన గంటకు తోస్తుంది. అందుకని రాస్తున్నాను. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా డైరీలు పక్కన పెట్టుకుని రాస్తున్నదే.

పని ఏమిటంటే

ఉత్తర్వు కాగితంలో నా హోదా రెండు వరుసల పొడుగు ఉండేది. పని మాత్రం చిన్న మాటల్లో చెప్పొచ్చు. ఎన్ని మొక్కలు నాటామో, ఎన్ని బతికాయో, ఎన్ని ఎండిపోయాయో రాయాలి. రాసినదానికి ఫొటో జతచేసి పైకి పంపాలి. ఉదయం నీళ్ళ ట్యాంకరు వెంట తిరిగి, మధ్యాహ్నం రిజిస్టరు ముందు కూర్చునేదాన్ని. మనుషులతో తక్కువ, చెట్లతో ఎక్కువ ఉండే పని కదా, నాకు సరిపోతుంది అనుకుని చేరాను. ఆ అంచనా తప్పు. ఊళ్ళో ప్రతి చెట్టు కిందా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. చెట్టు గురించి ఏం రాసినా వాళ్ళ గురించి కూడా రాసినట్టే.

చేరిన మొదటి రోజు మా పెద్ద మాలి నర్సింహులు కాక నన్ను రిజిస్టరు దగ్గరికి కాకుండా ఆఫీసు వెనక కానుగచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు.

"కన్నుతోని చూస్తే తెల్వది బిడ్డా. గోరు పెట్టి గీకాలె. పొట్టు కింద పచ్చగుంటే పాణమున్నట్టు. పొడిగుంటే పోయినట్టు. ఒక్క దిక్కు గీకి ఊకోవద్దు, సుట్టూ తిరుగు" అన్నాడు.

ఆ మాట ఆ రోజే డైరీలో ఎక్కించుకున్నాను. పాటించడం మాత్రం ఆరేళ్ళ తర్వాత, ఒక తప్పు చేశాక మొదలుపెట్టాను.

మేమే నాటి మేమే పీకిన చెట్లు

పెద్ద తప్పు చెప్పే ముందు చిన్నది ఒకటి. నేను చేరిన కొత్తలో రోడ్డు మధ్యన డివైడర్ల పొడుగునా కోనోకార్పస్ మొక్కలు నాటాం. తొందరగా పెరుగుతాయి, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, ఫొటోలో బాగా పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, మేకలు వాటి జోలికి రావు. ట్రీగార్డుల బాధ తప్పింది అని మేమంతా సంతోషపడ్డాం. ఒక్క మల్లయ్య తాత మాత్రం సంతోషపడలేదు. ఆయన గొర్లు కాస్తాడు. మంద తోలుకుని వారానికి రెండుసార్లు మా రోడ్డు దాటేవాడు.

"మ్యాక మూతి పెట్టని చెట్టు మంచిదెట్లయితది బిడ్డా?" అని ఒకసారి ఆగి అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

కొన్నేళ్ళకు ఆ చెట్లు వద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పుప్పొడితో జనానికి ఇబ్బంది అన్నారు, వేళ్ళు పైపుల్లోకి పోతున్నాయన్నారు. నాటిన వరసలోనే పీకించాం. మల్లయ్య తాత మళ్ళీ ఆగాడు. ఈసారి ఏమీ అడగలేదు. నిలబడి, తలపాగా సర్దుకుని, మేము పీకుతుంటే కాసేపు చూసి పోయాడు. ఆయన అడిగిన రోజున ఆ ప్రశ్నను కనీసం ఆఫీసులో ఒకరి చెవిన వేసి ఉండాల్సింది అని ఆ రోజు అనిపించింది. నాకు మొహమాటం, వేయలేదు.

గాలి వచ్చిన మధ్యాహ్నం

ఇప్పుడు అసలు సంగతి. ఆ గాలికి ముందు చలికాలంలో మా వైపు వేపచెట్లన్నీ కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. మీకు గుర్తుండే ఉంటుంది, ఊరూరా వేపలు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఇక వేప అన్నదే మిగలదేమో అని ముసలివాళ్ళు భయపడ్డారు. వేపలే కాదు, ఎండిన చెట్లన్నిటి జాబితా పంపమని మా ఆఫీసుకు కాగితం వచ్చింది. నేనూ కాకా నాలుగు రోజులు తిరిగి రాశాం. అప్పటికి అది నిజమైన జాబితానే. ఆ వేపల్లో చాలా వరకు ఫాల్గుణంలో మళ్ళీ చిగురించాయి. జాబితాను ఎవరూ మార్చలేదు. ఎవరూ అంటే నేను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి వచ్చింది. అరగంట కూడా లేదు. బస్టాండు రోడ్డులో నిద్రగన్నేర్లు, చింతలు, వేపలు కొమ్మలు విరిగి పడ్డాయి. కొన్ని మొదలంటా పోయాయి. గాలి చంపిందని అందరూ అన్నారు. నాకు తెలిసినంతలో సగం చెట్లను గాలి కాదు, మేమే చంపాం. ఫుట్‌పాత్ వేసినప్పుడు కాండానికి ఆనించి సిమెంటు పోసేశాం. నీళ్ళు దిగక అవి నిలువునా ఎండి ఉన్నాయి. గాలి వాటి కొమ్మలను మాత్రం దించింది. వరసగా మొండి కాండాలు మిగిలాయి.

అప్పటి మా కమిషనర్ సార్ చదువుకున్న మనిషి, కొత్త విషయం కనిపిస్తే ఆగలేడు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో తుఫానుకు చెట్లు విరిగితే, ఆ మొండేలను కొట్టేయకుండా నిలబెట్టి, వాటి మీదే బొమ్మలు చెక్కించారట. ఆ ఫొటోలు ఫోన్‌లో మాకందరికీ చూపించాడు. డాల్ఫిన్లు, కొంగలు, చేతిలో దీపం పట్టుకున్న నావికుడు. చాలా బాగున్నాయి. "మనకు సముద్రం లేకపోతే ఏమైంది, గాలైతే వచ్చింది కదా" అన్నాడు. ఎన్ని కాండాలు పనికొస్తాయో మూడు రోజుల్లో రాసివ్వమని నాకు చెప్పాడు.

నేను ఎండలో తిరగలేదు. చలికాలం జాబితా తీసి, బస్టాండు రోడ్డువి ఏరి, ఏడు చెట్ల పేర్లు శుభ్రంగా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

నోటితో చెప్పు

చెక్కడానికి వీరాచారి అనే వడ్లాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు బండి చక్రాలు చేశాడు, తర్వాత దర్వాజాలు, ఇప్పుడు పనే తగ్గింది. బొమ్మలు అనగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. అయితే మొదటి చెట్టు దగ్గరే పేచీ పెట్టాడు. నేను జాబితా చేతికిస్తే చూడలేదు.

"కాయితం నాకెందుకు? నోటితోని చెప్పు బిడ్డా. గీ చెట్టు పోయిందా?"

"రాసి ఉంది కదా తాతా."

"కాయితం రాసేటోళ్ళకు చెట్టు కనవడది. నోటితోని చెప్పేటోళ్ళు చెట్టు దిక్కు చూసి చెప్పాలె. మా నాయిన దినం సంది మాకు గదే పద్ధతి. ఇంటోళ్ళెవరన్న ముందల నిలవడి చెట్టు పోయిందని చెప్పాలె, గప్పుడే ఉలి పెడ్త."

ఆ చెట్టుకు ఇంటివాళ్ళు ఎవరు? మున్సిపాలిటీ. మున్సిపాలిటీ తరఫున అక్కడున్నది నేను. బస్టాండు ముందు, ఆటోలు నిలిపి చూస్తున్న జనం మధ్య, ఒక నిద్రగన్నేరు వైపు తిరిగి "ఈ చెట్టు పోయింది" అని చెప్పాలి. చిన్నగా చెప్పాను. "ఇనవడలే" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఎవరు పోయిన్రు మేడం, మాకు జెర చెప్పున్రి, స్నానం చేస్తం" అని ఆటోవాళ్ళలో ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. వీరాచారి నవ్వలేదు. పసుపు నీళ్ళు చల్లి, కాండానికి ఒకసారి చేయి ఆనించి, పని మొదలుపెట్టాడు.

అట్లా ఆరు చెట్ల దగ్గర ఆరుసార్లు చెప్పాను. ఆరూ నిజంగానే ఎండినవే, చూస్తే తెలిసిపోయేవి. ఆరోసారికి గొంతు కొంచెం అలవాటు పడింది కూడా.

పొట్టేలు

బొమ్మల గురించి నా అభిప్రాయం అడిగితే, సగం బాగున్నాయి. వీరాచారి దసరా దాకా ఆగమన్నాడు. కాండం పైకి ఎండినట్టున్నా లోపల తడి ఉంటుందని, తొందరపడితే పగులుతుందని చెప్పాడు. హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన చూడడానికి వస్తున్నాడని సార్ ఆగనివ్వలేదు. చేప ఆరు నెలలకే తల నుంచి తోక దాకా నిలువునా పగిలింది. పాలపిట్టకు చెదలు పట్టింది. మామిడికాయను మామిడికాయ అని చెప్పి చూపించాల్సి వచ్చేది.

పొట్టేలు మాత్రం నిలబడింది. దానికి కారణం మల్లయ్య తాత. మా సెక్షన్ ఇంజనీరు సార్ ఎక్కడి నుంచో తీసిన ఫొటో చూసి వీరాచారి గొర్రెను మొదలుపెట్టాడు. ఒళ్ళంతా ఉంగరాల బొచ్చు, గుండ్రటి మొహం. మల్లయ్య తాత మంద ఆపి, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"ఇదేం గొర్రె? పర్మనెంటు ఉద్యోగం చేసే గొర్రె లెక్కున్నది" అన్నాడు.

"ఫొటోల గట్లనే ఉన్నది మరి" అన్నాడు వీరాచారి.

"ఫొటో కాదు, గిది చూడు" అని తన నల్ల పొట్టేలును కొమ్ములు పట్టుకుని తెచ్చి కాండం పక్కన నిలబెట్టాడు. వంపు తిరిగిన ముక్కు, వేలాడే చెవులు, సన్నటి కాళ్ళు. వీరాచారి ఉలి కింద పెట్టి చాలాసేపు చూశాడు. కొమ్ము మొదలు దగ్గర చేత్తో తడిమాడు. ఈలోగా మంద రోడ్డంతా పరుచుకుంది, రెండు బస్సులు ఆగిపోయాయి, డ్రైవర్లు తిట్టారు. ఆ తిట్ల మధ్య ఆ ఇద్దరు ముసలివాళ్ళు చెవి ఎంత వెడల్పు ఉండాలో మాట్లాడుకోవడం నేను చూశాను. వీరాచారి ఉంగరాల బొచ్చంతా చెక్కేసి మళ్ళీ చేశాడు. ఇప్పుడు ఆ పొట్టేలు ముందున్న బస్‌స్టాపుకు జనం పెట్టిన పేరు "గొర్రె". టికెట్టు కూడా గొర్రె దగ్గరికే అడుగుతారు.

ఈసారి మాత్రం మల్లయ్య తాత మాట ఊరికే పోలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. చెవిన పడిన మాట విని చేతి పని మార్చుకున్నది వీరాచారి.

ఏడోది

ఏడోది బస్టాండు గేటు పక్క వేప. దాని కింద సుగుణమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పద్దెనిమిదేళ్ళుగా అదే జాగా. కాండానికి ఆనించి పొయ్యి, పక్కన పీట, వెనక చర్చి కాలెండరు తగిలించిన మేకు. నాలుగు గంటలకు పొయ్యి ముట్టిస్తే బస్సులు తగ్గేదాకా చేతి చప్పుడు ఆగేది కాదు. ఆమె భర్త లేడు. కూతురు నర్సు చదువుతోంది. గాలికి వేప తలకాయ మొత్తం పోయి, ఇద్దరు మనుషుల ఎత్తు కాండం మిగిలింది. బొమ్మ చెక్కితే దాని చుట్టూ ఇనుప రెయిలింగు, లోపల గడ్డి వేయాలని ప్లాను. అంటే సుగుణమ్మ పొయ్యి ఎత్తేయాలి. బస్టాండు చుట్టుపక్కల ఇంకెక్కడా జాగా లేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. మాకూ తెలుసు.

వీరాచారి వచ్చి పసుపు నీళ్ళ చెంబు దించి, నా వైపు చూశాడు. "చెప్పు బిడ్డా."

సుగుణమ్మ రొట్టె చరచడం ఆపింది. "చెప్పు మేడం. నేను గూడ ఇంట" అంది.

ఆమె బతిమాలలేదు. బతిమాలితే జాబితా చూపించి తప్పించుకునేదాన్నేమో. కాండం వైపు తిరిగాను. ఆరు చెట్ల దగ్గర వచ్చిన మాట ఇక్కడ రాలేదు. రోడ్డు వైపు గోరు పెట్టి గీకాను. గోధుమరంగు, పొడి. నర్సింహులు కాక చెప్పింది అప్పుడు గుర్తొచ్చి చుట్టూ తిరిగాను. పడమటి వైపూ, గేటు వైపూ పొడే. ఇక మిగిలింది సుగుణమ్మ పొయ్యి వెనక భాగం. అది మసి పట్టి నల్లగా, నున్నగా ఉంది. మసిని కొంగుతో తుడిచి గీకాను. గోటి కింద పచ్చగా తడి తగిలింది. నమ్మలేక జానెడు పైన గీకాను, జానెడు కింద గీకాను. మోచేతి వెడల్పున, కింది నుంచి పై దాకా, పచ్చి చార ఒకటి ఉంది.

"ఫాల్గుణంల నిండ చిగురేసె గద. ఎండిందని రాసిందెవరు?" అంది సుగుణమ్మ.

వీరాచారి చెంబులో నీళ్ళు కాండం మొదట్లో ఒంపేసి, ఉలి సంచిలో పెట్టుకుని, "పాణమున్నదాని మీద నా చెయ్యి లేవది. పోయి మీ సారుకు చెప్పుకో" అన్నాడు.

మెమో

ఆఫీసులో ఇంజనీరు సార్ తేలిగ్గా తీసుకున్నాడు. ఆయన వాదన తప్పని కొట్టేయలేం. తల లేని చెట్టు, మూడు వైపులా ఎండింది, చలికాలం వస్తే ఆ మిగిలిన చార కూడా ఎండుతుంది. ఏడు అని పైకి రాశాం, రెయిలింగులు ఏడు వచ్చాయి. వేరే వడ్లాయనను పిలిస్తే రెండు రోజుల పని. "నువ్వు ఎండిందనే రాసినవు, ఎండిందనే ఉండనియ్యి. నీకే మంచిది" అన్నాడు. అది నిజంగా నా మంచికే చెప్పాడు. ఆ నెలలోనే మా కాంట్రాక్టులు మళ్ళీ రాయాల్సి ఉంది. తప్పుడు రిపోర్టు ఇచ్చానని తెలిస్తే నా పేరు తీసేయడం ఒక గీత పని. ఇంట్లో మా నాయిన కూలి మానేసి కూర్చున్న ఏడాది అది.

కమిషనర్ సార్ గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో మనసులో నాలుగుసార్లు చెప్పుకున్నాను. లోపలికి పోయాక ఒక్క మాట కూడా రాలేదు. ఆయన బల్ల మీదున్న తెల్ల కాగితం తీసుకుని రాశాను: "ఏడవ నంబరు వేపచెట్టు బతికి ఉంది. నేను దాన్ని చూడకుండా ఎండిందని రాశాను."

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది రాసిచ్చావు కాబట్టి నేను నీకు మెమో ఇవ్వాల్సి ఉంటుంది, తెలుసా?"

"ఇవ్వండి సార్."

"ఆ చెట్టు నిజంగా చిగురిస్తుందా?"

"తెలియదు సార్."

ఆయనకు కోపం వచ్చిందని మొహం చూస్తే తెలిసింది. మెమో ఇచ్చాడు, అయినా చెక్కే పని ఆపించాడు. ఉద్యోగం తీయలేదు. ఆ ఏడాది నా కాంట్రాక్టు మూడు నెలలు ఆలస్యంగా రాశారు, ఆ మూడు నెలలూ జీతం లేక చేబదుళ్ళతో బతికాం. నాకు మెమో ఇచ్చిన ఆయనే నేను చూసిన ఆఫీసర్లలో మంచివాడు. రాసినదాన్ని చదివాడు, చదివాక దానికి తగిన పని చేశాడు. నన్ను కాపాడాలని కాగితం చింపేసి ఉంటే చెట్టును కాపాడడానికి కాగితం ఉండేది కాదు.

నర్సింహులు కాక మర్నాడే దిగాడు. విరిగిన తలను నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోయించి, ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తాడు. కాండం చుట్టూ మూరెడు మేర సిమెంటును గడ్డపారతో పగలగొట్టి తీసేశాడు. తలకు కట్టు కట్టినట్టు తయారైంది చెట్టు.

ఇదేం బొమ్మ

పెద్దాయన వచ్చిన రోజు రోడ్డు పొడుగునా స్వాగతం ఫ్లెక్సీలు, వాటి మీద ఆయన నవ్వు మొహం. చేప దగ్గర ఫొటో దిగాడు, పొట్టేలు దగ్గర రెండు దిగాడు. చివర వేప ముందు ఆగి తలెత్తి చూశాడు. పేడ మెత్తిన మొండెం, ఒక్క ఆకు లేదు, మొదట్లో తవ్విన మట్టి.

"ఇదేం బొమ్మ?" అన్నాడు.

ఇంజనీరు సార్ నేల చూశాడు. కమిషనర్ సార్ వెనక్కి తిరిగి, నీళ్ళ సీసాల పెట్టె పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"బొమ్మ కాదు సార్, చెట్టు. బతికే ఉంది" అన్నాను. వినపడేట్టే అన్నాను.

ఆయన తల ఊపి కారెక్కాడు. ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగి తెలుసుకోవాలని మాత్రం ఉంటుంది.

రెయిలింగు

అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఏడో రెయిలింగు దించారు. బొమ్మకు కాకపోతే చెట్టుకే రక్షణ అని ఇంజనీరు సార్ ఆలోచన. వెడల్పు అదే, లోపల గడ్డి అదే. పొయ్యి ఎత్తేయాలన్న మాట కూడా అదే. సుగుణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"సచ్చిందని రాసి నన్ను ఎల్లగొట్టవడితిరి. బతికిందని గూడ ఎల్లగొడ్తరా?"

నాకు అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. ఆమె వైపే మాట్లాడాలని ఉన్నా, పొయ్యి కాండానికి ఆనుకుని ఉంటే దెబ్బతిన్న చెట్టుకు మంచిది కాదన్నది నిజం. అది దాచి రెయిలింగు ఆపించడం నా చేత కాలేదు. ఒకసారి చూడకుండా రాసినదాన్ని, ఇప్పుడు చూసినదాన్ని రాయకుండా ఎట్లా ఉంటాను?

"పెద్దమ్మా, వేడి తగిలితే ఆ పచ్చి చార కూడా పోతది. పొయ్యి జెర దూరం జరపాలె" అన్నాను.

"గా పచ్చి చార ఏడున్నది? నా మసి కిందనే గద. మూడు దిక్కుల మసి లేదు, మూడు దిక్కులు ఎండె. నా పొగే పురుగును రానియ్యలే. గది గూడ రాస్కో."

నిజమేనేమో. తర్వాత వేప తెగులు గురించి దొరికిందల్లా చదివాను. పురుగు సంగతి ఉంది, శిలీంధ్రం సంగతి ఉంది, రొట్టెల పొయ్యి మసి సంగతి ఎక్కడా లేదు. ఆమె చెప్పింది మాత్రం రాసుకున్నాను.

మాటలు తేల్చింది నర్సింహులు కాక. చెట్టుకు తూర్పున ఏడడుగులు కొలిచి, ప్రహరీ గోడ పక్కన మడమతో గీత గీశాడు. "పొయ్యి గిక్కడ పెట్టు సుగుణా. కొమ్మలొస్తే పొద్దుమీకి నీడ గిటే పడ్తది."

"వస్తే గద" అంది ఆమె. "రాకుంటే?"

"రాకుంటే ఎండల చేస్కుంటవు. నేనేం చెయ్యాలె?"

ఆమె పీట ఎత్తి ఆ గీత దగ్గర పెట్టింది. చెట్టు చుట్టూ రెయిలింగు మూడడుగుల గుండ్రం చాలని, గడ్డి అక్కర్లేదని, ఏడడుగుల అవతల ఆమె జాగా ఆమెకే ఉంచాలని నేను రాసిచ్చాను. కమిషనర్ సార్ ఈసారి చదివి, చెట్టును చూసే రాశావా అని అడిగి, సంతకం పెట్టాడు.

నీడ

మొదటి చిగురు నలభై రోజులకు వచ్చింది. పైన కాదు, మా ఛాతీ ఎత్తులో, పచ్చి చార నుంచి, ఎర్రగా, నాలుగు ఆకులు. ఆ చలికాలం అందులో సగం ఎండింది. ఇంజనీరు సార్ నన్ను పిలిచి చూపించాడు. ఫాల్గుణంలో మళ్ళీ వచ్చింది. అన్ని కొమ్మలూ ఒకే వైపు, తూర్పుకే వచ్చాయి. చెట్టు దూరం నుంచి చూస్తే ఎవరో ఒక చేయి చాపి నిలబడ్డట్టు ఉంటుంది. అందంగా లేదు. ఫొటోలో అస్సలు బాగుండదు.

తర్వాతి రెండు ఎండాకాలాలూ సుగుణమ్మ ఎండలోనే రొట్టెలు చేసింది. నాలుగు గంటలకు కాండం నీడ ఒక మనిషి వెడల్పున గోడ దాకా పడేది. ఆమె పీటను దానితో పాటు జరుపుకుంటూ కూర్చునేది. అది చాలక రెండు కట్టెలు పాతి పైన ఆ స్వాగతం ఫ్లెక్సీల్లో ఒకటి కట్టింది. పెద్దాయన నవ్వు మొహం కింద సుగుణమ్మ చెమట తుడుచుకుంటూ ఉండేది. రెండో ఏడు కూతురు చదువు అయిపోయి దవాఖానలో చేరింది, ఇక పొయ్యి మానేయమంది. ఆమె మానలేదు.

కొత్తగా వచ్చిన మీరిద్దరూ ఒకటి చేయండి. నేను ఆ రెండేళ్ళూ ప్రతి నెలా ఒకసారి నాలుగింటికి పోయి, కొమ్మల నీడ అంచు ఎక్కడి దాకా వచ్చిందో అడుగులతో కొలిచి రాశాను. ఎవరూ అడగలేదు, ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు. రెండడుగులు. మూడు. చలికాలం మళ్ళీ రెండు. ఐదు. ఇప్పుడు ఆ పని మీది.

ఈ మే నెలలో, నేను పని వదిలే వారం ముందు, పోయి చూస్తే కొమ్మల నీడ గోడ ఎక్కింది. పొయ్యి మీద, పీట మీద, ఆమె వీపు మీద పూర్తిగా పడింది. సుగుణమ్మ అప్పటికే కట్టెలు పీకేసింది. ఫ్లెక్సీని దులిపి, మొహం లోపలికి వచ్చేట్టు నాలుగు మడతలు పెట్టి, నా చేతికిచ్చింది.

"మీ ఆఫీసుల ఇయ్యి బిడ్డా. మీదే గది" అంది. మళ్ళీ పిండి తీసుకుని రొట్టె చరచసాగింది.